‘ఫ్రీ బేబీ గ్రోత్ చెకప్’ అంటూ మీ అపార్ట్‌మెంట్‌కి వస్తే జాగ్రత్త

పిల్లల బరువు తూస్తాం, ఎదుగుదల చూస్తాం, అంతా ఫ్రీ అంటూ ఆదివారాలు అపార్ట్‌మెంట్లలో క్యాంపులు పెడుతున్నారు. హైదరాబాద్‌లో, మియాపూర్ వైపు మా కమ్యూనిటీకీ వచ్చారు. పోతూపోతూ మా ఇంటికి అంటగట్టిన కిట్ ఖరీదు 6,400 రూపాయలు. మూడు డబ్బాల పౌడర్, ‘బ్రెయిన్ గ్రోత్’ డ్రాప్స్ ఒక సీసా, మసాజ్ నూనె. ఏడాదిలోపు పిల్లలున్నవాళ్లు అలాంటి కిట్ కొనేముందు ఇది చదవండి.

క్లబ్‌హౌస్‌లో బల్ల మీద డిజిటల్ కాటా, వెనక గోడకి రంగుల చార్టు, తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి. డాక్టరా అని అడిగితే ‘న్యూట్రిషన్ అడ్వైజర్’ అంది. మా పాపకి ఏడు నెలలు. 6.8 కిలోలు తూగింది. చార్టులో ఏడో నెలకి ఎదురుగా 8.3 అని ఉంది. "కిలోన్నర తక్కువుంది మేడమ్. ఇప్పుడు పట్టించుకోకపోతే కూర్చోవడం, నడవడం, మాటలు, అన్నీ లేటవుతాయి" అంది. మా అత్తమ్మ మొహం అక్కడే వాడిపోయింది. పిల్ల సన్నగా ఉంది, తల్లి పాలు చాలడం లేదేమో అన్న మాట ఇంట్లో ఎప్పటినుంచో నడుస్తోంది మరి. పాప ఏడుస్తుంటే నేను పైకి తీసుకెళ్లి పాలిచ్చి కిందికి వచ్చేసరికి మామయ్యగారి ఫోన్‌పే నుంచి డబ్బులు వెళ్లిపోయాయి. వాళ్లకి కావలసింది సరిగ్గా ఆ కాసేపే. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకుంటారు.

అసలు ఆ 8.3 ఎక్కడిది? డబ్ల్యూహెచ్‌ఓ 2006లో ఇచ్చిన ఎదుగుదల చార్టుల్లో అది ఏడు నెలల మగపిల్లలకి మధ్యగీత. ఆడపిల్లలకి 7.6. అబ్బాయిల అంకె పెట్టి అందరి పిల్లల్నీ తూస్తున్నారన్నమాట. పైగా మధ్యగీత అంటే పాస్ మార్కు కాదు, సగం మంది పిల్లలు దానికి కిందే ఉంటారు. ఆ వయసు ఆడపిల్ల 6 కిలోలకన్నా తక్కువ ఉంటేనే బరువు తక్కువ అని లెక్క. మీ దగ్గర తల్లీబిడ్డల ఎంసీపీ కార్డు ఉంటే తీసి చూడండి, అందులో ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు చార్టులు ఉంటాయి. ఆకుపచ్చ పట్టీలో ఉంటే కంగారు లేదు. అంగన్‌వాడీలో పైసా ఖర్చు లేకుండా తూచి, ఆ చార్టులోనే చుక్క పెట్టిస్తారు.

మా పిల్లల డాక్టర్ గారు ఆ రోజు బరువు ఒక్కటే చూసి ఏమీ అనలేదు. పాత అంకెలన్నీ తీయించారు. పుట్టినప్పుడు 2.7, అయిదో నెల దాటేసరికి రెట్టింపు, ఇప్పుడు 6.8. గీత పైకే వెళ్తోంది, చాలు అన్నారు. మొదటి మూడు నెలలు రోజుకి 25, 30 గ్రాములు పెరిగే పిల్లలు ఆరు నెలలు దాటాక నెలకి 300 గ్రాముల దగ్గరికి దిగుతారట. సరిగ్గా అప్పుడే తల్లిదండ్రులకి టెన్షన్ మొదలవుతుంది, ఈ క్యాంపులవాళ్లూ అప్పుడే గురి పెడతారు.

ఇక ఆ డబ్బా. మీద బొద్దుగా నవ్వుతున్న బాబు ఫొటో. కింద ఎమ్మార్పీ స్టిక్కర్ కొంచెం వంకరగా అంటించి ఉంది. గోటితో గీకితే అడుగున సన్న అక్షరాల్లో ‘రెండేళ్లు పైబడిన పిల్లలకు’ అని బయటపడింది! ఏడు నెలల పిల్లకి అమ్మింది ఈ సరుకు. పదార్థాల వరుసలో మొదట పాలపొడి, రెండోది చక్కెర, మూడోది మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి). ఎక్కువున్నది ముందు రాయాలన్నది రూలు కాబట్టి, రెండో పేరు చూస్తేనే డబ్బాలో ఏముందో అర్థమవుతుంది. ఆ తీపి అలవాటయ్యాక పాప రాగి జావ, పప్పన్నం నోట పెడితే ఉమ్మేసేది. విరేచనం గట్టిపడి ఏడుపు. ఆపేశాక గానీ కుదుటపడలేదు. డ్రాప్స్ సంగతి అడిగితే డాక్టర్ గారు నవ్వి, రోజూ వేసే 400 యూనిట్ల విటమిన్ డి, ఆరో నెల నుంచి ఐరన్ ఉంటే చాలు, ఈ బ్రెయిన్ డ్రాప్స్ పక్కన పెట్టేయమన్నారు. ఐరన్ సిరప్ ఆశా వర్కర్ల దగ్గర ఉచితంగానే దొరుకుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉంచుకోండి. 1992లో వచ్చి 2003లో సవరించిన ఐఎంఎస్ (పసిపిల్లల పాలపొడి, పాలసీసాలు, ఆహారం) చట్టం ప్రకారం రెండేళ్లలోపు పిల్లల ఆహారానికీ పాలపొడికీ ప్రకటనలు ఇవ్వకూడదు, ఫ్రీ శాంపిళ్లు పంచకూడదు, డబ్బా మీద పసిపిల్ల ఫొటో వేయకూడదు. సన్న అక్షరాల్లో ‘రెండేళ్లు పైబడిన’ అని రాసుకుంటే ఇవేవీ తగలవని వీళ్ల తెలివి కాబోలు. అలా రాసుకుని, దాని మీద స్టిక్కర్ అంటించి, చంటిపిల్లలకి అమ్మడం ఏం వ్యాపారమో నాకైతే అర్థం కాలేదు.

డబ్బు వెనక్కి అడిగితే, సీలు తీసిన డబ్బా తీసుకోం అన్నారు. మిగతా రెండూ సీలుతోనే ఉన్నాయి కదా అంటే, కిట్ విడదీయం అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇచ్చిన బిల్లు అరపేజీ కాగితం, దాని మీద జీఎస్టీ నంబరు లేదు, ‘హెల్త్ కిట్’ అని మాత్రం ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో లేబుల్ ఫొటోలు పెట్టాను. డబ్బు ఇంకా రాలేదు.

నిజంగా అనుమానం ఉంటే కిట్లు కాదు, డాక్టర్‌కి చూపించండి. బరువు తగ్గుతున్నా, నాలుగు నెలలు నిండినా మెడ నిలపకపోయినా, తొమ్మిది నెలలకీ ఆసరా లేకుండా కూర్చోకపోయినా, అప్పటికే నేర్చుకున్న పనులు మర్చిపోయినట్టు కనిపించినా ఆలస్యం చేయొద్దు. పళ్లు ఆలస్యంగా రావడం, పక్కింటి పిల్లకన్నా సన్నగా ఉండటం ఈ లెక్కలోకి రావు.

మీ అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి క్యాంపుకి అడిగితే అసోసియేషన్ వాళ్లకి ముందే చెప్పండి. ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా, బిల్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్ పారేయకుండా ఉంచి 1915కి చేయండి. ఎమ్మార్పీ స్టిక్కర్‌ని మాత్రం మొత్తం పీకేయకుండా, సగం లేపి ఫొటో తీయండి. కింద అక్షరాలూ పైన స్టిక్కరూ ఒకే ఫొటోలో పడాలి.