ఈస్ట్ మైటోకాండ్రియా కిట్: ప్రోటీన్లకు భేష్, టీఆర్‌ఎన్‌ఏకు చాలదు

ఈస్ట్ కణాల్లోంచి మైటోకాండ్రియాను (కణానికి శక్తి తయారుచేసే భాగాలను) వేరుచేసే రెడీమేడ్ కిట్ ఇది. కణం గోడను కరిగించే ఎంజైమ్, సార్బిటాల్ బఫర్లు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. ప్రోటీన్ల మీద పనిచేసేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. నా పని మాత్రం సైటోప్లాజమ్ (కణద్రవం) నుంచి మైటోకాండ్రియాలోకి వెళ్లే టీఆర్‌ఎన్‌ఏల మీద. ప్రోటీన్ల తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏలివి.

ఎంజైమ్ నిజంగా బాగుంది. గోడ కరిగిందో లేదో చూద్దామని కణాలను కాస్త నీళ్లలో వేస్తే, మబ్బుగా ఉన్నది చూస్తుండగానే తేటపడుతుంది. గ్లిసరాల్ మీద పెంచిన కల్చరైతే సెంట్రిఫ్యూజ్‌లో చివరిసారి తిప్పాక ట్యూబ్ అడుగున లేత గోధుమ రంగు పెల్లెట్ (మైటోకాండ్రియా ముద్ద) చక్కగా దిగుతుంది.

చిక్కంతా శుద్ధి దగ్గరే. ఈస్ట్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏలు మూడు. టీఆర్‌కే3 మైటోకాండ్రియాలోనే తయారవుతుంది. టీఆర్‌కే2 బయటే ఉంటుంది. టీఆర్‌కే1లో నూటికి మూడు నుంచి ఐదు వంతులు మాత్రమే లోపలికి వెళ్తుంది. దానికీ పెద్ద తతంగమే: ముందు లైసిన్ తగిలించుకోవాలి, తర్వాత చక్కెరను విడగొట్టే గ్లైకాలిసిస్‌లో పనిచేసే ఎనొలేజ్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుని ఆకారం మార్చి, అప్పటికింకా లోపలికి వెళ్లని మైటోకాండ్రియా లైసిల్ సింథటేజ్‌కి (టీఆర్‌ఎన్‌ఏకు లైసిన్ తగిలించే ఎంజైమ్‌కి) అప్పగిస్తుంది. ఆ తోడుతోనే అది ప్రోటీన్లు వెళ్లే దారిలో లోపలికి చేరుతుంది. 37 డిగ్రీల వేడిలో టీఆర్‌కే3 ఏఏజీ కోడాన్‌ను (లైసిన్‌ను సూచించే మూడక్షరాల సంకేతాన్ని) సరిగ్గా చదవలేదు, అప్పుడు ఆదుకునేది ఈ కొద్దిపాటి టీఆర్‌కే1. ఇంత తక్కువను కొలిచేటప్పుడు బయటి టీఆర్‌ఎన్‌ఏ రవ్వంత అంటుకున్నా లెక్క తారుమారే.

కిట్‌లో రాసినట్టే చేసి నార్తర్న్ బ్లాట్ (ఏ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో చూపే పరీక్ష) వేస్తే టీఆర్‌కే2 బ్యాండ్ నల్లగా వచ్చింది. అక్కడ ఉండకూడనిది అదే! పెల్లెట్‌కి ఆర్‌ఎన్‌ఏను తుంచేసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏజ్ పట్టించి, పలచటి బఫర్‌లో ఉబ్బించి బయటి పొర చిట్లాక మళ్లీ ఆర్‌ఎన్‌ఏజ్ వేశాను. టీఆర్‌కే2 పోయింది, టీఆర్‌కే3 నిండుగా, టీఆర్‌కే1 సన్నగా నిలిచాయి. ఆ సన్నటి గీత చూసినప్పటి సంతోషం నాకు చాలా పెద్దది. ఈ మెట్టు గురించి కిట్ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మైటోకాండ్రియాను ఫ్రీజర్‌లో దాచుకోవచ్చని రాశారు. ప్రోటీన్లను చూసే వెస్టర్న్ బ్లాట్‌కైతే సరే. టీఆర్‌ఎన్‌ఏ లోపలికి వెళ్లడాన్ని చూసే ఇంపోర్ట్ ప్రయోగానికి లోపలి పొర మీద మెంబ్రేన్ పొటెన్షియల్ (పొరకు రెండు వైపులా ఉండే విద్యుత్ తేడా) నిలిచి ఉండాలి, కాబట్టి ఐస్ మీద ఉంచి అదే రోజు వాడేయండి. ఐదుకి మూడు స్టార్లు. ఆర్‌ఎన్‌ఏజ్, బ్లాట్‌లో టీఆర్‌కే2ను గుర్తించే ప్రోబ్ మీరే విడిగా తెచ్చుకోవాలి.