‘ఐడీ ప్లీజ్’ అన్నవాళ్ళకు ఏ జవాబు మేలు?

పిట్టలు చూసేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఏదైనా తెరవండి. ఒక మసక ఫోటో, దాని కింద ‘ఐడీ ప్లీజ్’ అని, అంటే ఇదే పిట్టో చెప్పండని, రెండు ముక్కలు ఉంటాయి. ఎక్కడ తీశారో ఉండదు, ఎప్పుడు తీశారో ఉండదు. అడిగేది మొన్నమొన్న బైనాక్యులర్స్ కొన్నవాళ్ళు. చెప్పాల్సింది ఏళ్ళ తరబడి చెరువు గట్ల మీద తిరుగుతున్న పాతకాపులు. ఈ రెండు వర్గాలకూ చెడేది చాలావరకు ఇక్కడే. సీనియర్లకు పొగరని కొత్తవాళ్ళు అంటారు, కొత్తవాళ్ళకు బద్ధకమని సీనియర్లు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది.

పాతకాపు ముందున్న దారులు మూడు. పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. ఎదురు ప్రశ్న వేసి వాళ్ళ చేతే చెప్పించవచ్చు. ‘ఆదివారం పొద్దున రండి, చూద్దాం’ అని వెంట తీసుకెళ్ళవచ్చు. అసలు పలకకుండా ఊరుకోవడం కూడా ఉందనుకోండి, దాన్ని లెక్కలోకి తీసుకోవడం దండగ. రెండు మూడుసార్లు జవాబు రాకపోతే ఎవరైనా గ్రూపు వదిలేస్తారు.

పేరు చెప్పేయడం అందరికీ హాయి. అడిగినవాళ్ళకు క్షణంలో పని అయిపోతుంది, చెప్పినవాళ్ళకు నాలుగు దండాలు, రెండు బొటనవేళ్ళు వస్తాయి. నిజానికి ఈ జవాబుల్లో సగం కొత్తవాళ్ళ కోసం కాదు, నేను ముందంటే నేను ముందని సీనియర్లు తమలో తాము పడే పోటీ. దీనివల్ల నేర్చుకునేది ఎంత అంటే నాకు అనుమానమే. ఏటా వానలు మొదలవగానే ఎవరో ఒకరు ‘ఈ కొత్త కొంగ ఏమిటండీ’ అని ఫోటో పెడతారు. వీపు ముదురు ఎరుపు, తల, మెడ లేత పసుపు, వెనక్కి వేలాడే సన్నటి ఈకలు. అది మన పొలాల్లో రోజూ కనబడే గుడ్డికొంగే. గుడ్లు పెట్టే కాలంలో అలా ముస్తాబవుతుంది. ‘గుడ్డికొంగ’ అని ఒక్క మాట చెప్పి వదిలేస్తే, అదే మనిషి చలికాలంలో గోధుమరంగు చారలతో ఉన్న అదే కొంగను ఫోటో తీసి మళ్ళీ ‘ఐడీ ప్లీజ్’ అంటారు. పేరు దొరికింది కానీ పిట్ట దొరకలేదు.

అయినా మొదటి వారంలో ఉన్నవాళ్ళకు పేరు చెప్పేయడమే మంచిది. గుమ్మంలోకి వచ్చిన మనిషికి పరీక్ష పెట్టడం మర్యాద కాదు.

ఎదురు ప్రశ్న దీనికంటే చాలా మేలు, సరిగ్గా వేస్తే. డేగ ఫోటో ఒకటి వచ్చిందనుకుందాం. ‘ఛాతీ మీద గీతలు అడ్డంగా ఉన్నాయా, నిలువుగా ఉన్నాయా?’ అని అడగాలి. ఎదిగిన జాలెడేగకు ఛాతీ మీద ఇటుక రంగులో సన్నటి అడ్డగీతలుంటాయి. పిల్ల డేగకైతే నిలువుగా గోధుమరంగు మరకలు కారినట్టు ఉంటాయి. ఇక ముక్కు ఎలా ఉంది, కొక్కెంలా వంగిందా లేక తిన్నగా ఉందా అన్నది రెండో ప్రశ్న. ఎందుకంటే బ్రెయిన్ ఫీవర్ బర్డ్ అనే కోకిల జాతి పిట్ట కూడా అచ్చం జాలెడేగలాగే కనబడుతుంది, ఎగిరే తీరు కూడా అలాగే ఉంటుంది. ఆ రెండు ప్రశ్నలూ విన్న మనిషి ఇక జన్మలో డేగ ఛాతీ చూడకుండా ఉండరు.

చిక్కంతా గొంతులో ఉంది. తెర మీద ముఖం కనబడదు. ‘ముక్కు చూశారా?’ అన్నది ఆసక్తితో అడిగిందో, ఎత్తిపొడుపో తెలియదు. పైగా మన దగ్గర వయసు గొడవ ఒకటి. పిట్టల విషయంలో సీనియర్ అంటే డిగ్రీ చదువుతున్న కుర్రాడు కావచ్చు. కొత్తగా చేరింది రిటైరై లక్షలు పోసి కెమెరా కొన్న పెద్దాయన కావచ్చు. ఆయన ‘అరుదైన పక్షి’ అని పెట్టిన ఫోటో కింద ఈ కుర్రాడు ‘ఇది ఆడ కోకిల అంకుల్, మచ్చలు చూడండి’ అన్నాడంటే, అందులో తప్పేమీ లేదు గానీ పెద్దాయనకు చిన్నతనంగా ఉంటుంది. తెలివైన కుర్రాళ్ళు ఆ మాట విడిగా మెసేజ్ పెడతారు. నలుగురి ముందు దిద్దడానికీ, పక్కకు పిలిచి చెప్పడానికీ మన ఊళ్ళలో చాలా తేడా ఉంది.

కొత్తవాళ్ళకు ఎలా చెప్పాలన్న విషయంలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కథను మించినది లేదు. ఆయన చిన్నప్పుడు, 1908 ప్రాంతంలో, బొమ్మతుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. గొంతు మీద పసుపు మచ్చ ఉంది, మామూలు పిచ్చుక కాదు. అదేమిటో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్ళాడు. అక్కడి కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిల్లర్డ్ అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే మొదటి రకం జవాబు అయ్యేది. సొసైటీ సేకరించి పెట్టిన పిట్టల నమూనాలు కుర్రాడికి తీసి చూపించాడు, చదువుకోమని పుస్తకాలిచ్చాడు. ఆ కుర్రాడే తర్వాత హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. మిల్లర్డ్ చేసింది కష్టమైన పనేమీ కాదు, తన సమయంలో కాస్త ఒక పిల్లవాడికి ఇచ్చాడు, అంతే.

నా ఓటు మాత్రం మూడోదానికే, వెంట తీసుకెళ్ళడానికే. హైదరాబాద్‌లో ఇప్పుడు దక్కన్ బర్డర్స్‌గా ఉన్న పిట్టలు చూసేవాళ్ళ సంస్థ 1980లో మొదలైంది. ఇలాంటి సంస్థల్లో ఎవరినైనా వెంట తీసుకెళ్ళడం పాత ఆనవాయితీ. అమీన్‌పూర్ చెరువు గట్టు మీద పొద్దున్నే నాలుగు గంటలు సీనియర్ పక్కన నడిస్తే గ్రూపులో ఎన్నడూ కనబడనిది ఒకటి కనబడుతుంది. ఆయనకు కూడా తెలియనివి చాలా ఉన్నాయి. నీటి అంచున పరిగెడుతున్న బుల్లి బూడిదరంగు పిట్టలను చూసి, బైనాక్యులర్స్ దించి, ‘ఏమో, చెప్పలేను, దగ్గరకు రానిద్దాం’ అంటాడు. వాట్సాప్‌లో ఆయన తెలిసినవాటికే జవాబిస్తాడు కాబట్టి సర్వజ్ఞుడిలా కనబడ్డాడు. ఆ ‘ఏమో’ విన్నాక కొత్తవాళ్ళకు సగం బెరుకు పోతుంది. ఫోన్‌లో కూత పెట్టి పిట్టను పిలవకూడదని, గూడు దగ్గర నిలబడకూడదని ఎవరూ లెక్చర్ ఇవ్వకుండానే తెలిసిపోతుంది. పక్కవాళ్ళు అలా చేయరు కాబట్టి.

దీనికీ హద్దులున్నాయి. తెల్లవారుజామున ఊరి బయటికి ఒంటరిగా రావడం ఆడవాళ్ళకు అంత తేలిక కాదు. ఆదివారం కూడా డ్యూటీ ఉండేవాళ్ళున్నారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న వీలు పలాసలోనో వనపర్తిలోనో ఉండకపోవచ్చు. అలాంటివాళ్ళకు ఎదురు ప్రశ్నే గతి. మెర్లిన్ యాప్ ఉందిగా అంటారు. కూత వినిపిస్తే పేరు చెబుతుంది, విసుక్కోదు. కానీ ఏట్రింత అనే నల్లపిట్ట జాలెడేగ కూతను అనుకరిస్తుంది, అలాంటప్పుడు యాప్‌ను గుడ్డిగా నమ్మడానికి లేదు.

గూళ్ళ విషయంలో మాత్రం నేను పాతకాపుల పక్షమే. గుడ్లగూబ గూడు ఫోటో లొకేషన్‌తో సహా పెడితే వచ్చే ఆదివారానికి ఆ చెట్టు కింద కెమెరాల జాతర తయారవుతుంది. దీపావళి ముందు గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. ఇలాంటి పోస్టును అడ్మిన్ వెంటనే తీసేయాల్సిందే. ఎందుకు తీసేశారో మాత్రం ఆ మనిషికి విడిగా చెప్పాలి. చెప్పకపోవడం వల్లే ‘వీళ్ళు మంచి చోట్లు దాచుకుంటారు’ అనే పేరు వస్తుంది.

ఎవరు ఏ పిట్టను ఎక్కడ చూశారో నమోదు చేసుకునే వెబ్‌సైటు ఈబర్డ్‌ను 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షి శాస్త్ర కేంద్రం, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి. అందులో కొత్తవాళ్ళు, పాతవాళ్ళు అని తేడా లేదు. మీ జిల్లాలో ఆ నెలలో మామూలుగా కనబడని పిట్టను ఎక్కిస్తే, ఎవరైనా సరే, వివరాలు అడుగుతుంది. తర్వాత ఆ ప్రాంతపు స్వచ్ఛంద కార్యకర్త ఒకరు పరిశీలిస్తారు. ఆధారం చాలకపోతే అది మీ సొంత జాబితాలో ఉంటుంది కానీ అందరికీ కనబడే రికార్డులోకి వెళ్ళదు. నిలదీసేది రికార్డును, మనిషిని కాదు. వివరాలు అడుగుతూ వచ్చే మెయిల్ అందుకున్నవాళ్ళలో చాలామంది మొదటిసారి ‘నన్ను నమ్మరా’ అని చిన్నబుచ్చుకుంటారు. అదే మెయిల్ ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకూ వస్తుందని తెలిస్తే కోపం తగ్గుతుంది.

అనుభవం ఎవరి దగ్గర ఉంటుందో కూడా చెప్పలేం. 1900లో చివరిసారి కనబడిన కలివికోడి అనే పిట్ట ఇక లేదని అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గరి అడవిలో అది మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఆ ప్రాంతపు మనుషులను అడిగి తెలుసుకుంటూ తిరిగాడు. ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుతురులో ఆ పిట్టను పట్టుకున్నాడు. అది రాత్రి తిరిగే పిట్ట. అడవి విషయంలో ఆ రోజు సీనియర్ ఐతన్నే, శాస్త్రం చదివినాయన కొత్తవాడు.

కొత్తవాళ్ళకు ఒక చిన్న చిట్కా. ‘ఐడీ ప్లీజ్’ బదులు ఇలా రాయండి: ‘అమీన్‌పూర్ గట్టు, నవంబరు, పొద్దున ఏడు. పిచ్చుక కంటే కాస్త పెద్దది, తోక పైకీ కిందికీ ఊపుతూ నేల మీదే తిరుగుతోంది. వాగ్‌టెయిల్ అనుకుంటున్నాను, ఏ రకమో తెలియలేదు.’ ఎంత చిరాకు సీనియరైనా దీనికి జవాబు రాస్తాడు. ఆ జవాబు ఒక్క మాటలో ఉండదు కూడా.