‘ఇది ఉమ్మి పెద్దాయనా, కళ్లె కాదు’: కర్నూలులో కల్చర్ చేయించిన ల్యాబుకు నాలుగు స్టార్లు

మా నాయన బేతంచెర్లలో ముప్ఫై ఏళ్లు నాపరాళ్ల పాలిష్ పని చేశాడు. 2021లో టీబీ వచ్చి, ఆరు నెలలు మాత్రలు మింగితే తగ్గింది. పోయిన చలికాలం దగ్గు మళ్లీ పట్టుకుంది. ఊళ్లో చూపిస్తే స్లైడ్ మీద కళ్లె పరీక్ష చేసి, టీబీ తిరగబెట్టిందని మళ్లీ అవే మాత్రలు రాశారు. రెండు నెలలైనా గుణం కనిపించలేదు. అమ్మ ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టేసింది.

కర్నూలులో ఛాతీ డాక్టరు సీబీనాట్ అని, కళ్లెలో టీబీ క్రిమి జన్యువును మిషన్‌తో వెతికే పరీక్ష చేయిస్తే టీబీ లేదని వచ్చింది. స్లైడేమో ఉందంటుంది, మిషనేమో లేదంటుంది! మాకు ఒకటే టెన్షన్. కల్చర్, అంటే కళ్లెలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించమని ఈ ల్యాబుకు పంపారు.

నాయన ఇచ్చిన డబ్బాను అక్కడి కుర్రాడు ట్యూబులైటుకు ఎత్తి చూసి తిరిగిచ్చేశాడు. "ఇది ఉమ్మి పెద్దాయనా, కళ్లె కాదు. రేపు పొద్దున్నే ఏమీ తినకముందు లోపల్నుంచి దగ్గి తీసుకురా. కొళాయి నీళ్లతో పుక్కిలించొద్దు, కాచి చల్లార్చినవి వాడు." నాకు చిరాకేసింది, ఒకరోజు కూలి పోయిందని. తర్వాత తెలిసింది, టీబీ క్రిమికి దాయాదులు చాలా ఉన్నాయట, అవి మట్టిలో, నీళ్లలో, పైపుల్లో బతుకుతాయట. స్లైడ్ మీద రంగు వేస్తే అన్నీ ఒకేలా ఎర్రగా కనపడతాయి. టీబీతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో, అందులోనూ రాతి దుమ్ము పీల్చిన వాళ్లలో, ఇవి సులువుగా చోటు చేసుకుంటాయట.

కల్చర్‌కు 42 రోజులదాకా పట్టొచ్చన్నారు గానీ మాది ఎనిమిదో రోజే పెరిగింది. టీబీ క్రిమి మామూలుగా మెల్లగా పెరుగుతుందని, అంత తొందరగా పెరగడమే అనుమానమని, ఆ కుర్రాడు ఒక చిన్న కార్డు చూపించాడు. గర్భం పరీక్ష కార్డులాగే ఉంది. టీబీ అయితే రెండు గీతలు రావాలి, మాకు ఒకటే వచ్చింది. ఒక్కసారి వస్తే నీళ్ల నుంచి కలిసిందేమో అనుకోవచ్చని డాక్టరు ఇంకో కల్చర్ చేయించారు. అందులోనూ అదే. పేరు మైకోబ్యాక్టీరియం అబ్‌సెసస్. మామూలు టీబీ మాత్రలకు లొంగదు. మందులు మారాయి, ఏడాది పైనే పడుతుందన్నారు. ఇంట్లోవాళ్లకు అంటుకునే భయం దాదాపు లేదని డాక్టరు చెప్పిన రోజే అమ్మ ఆ కంచం తెచ్చి మా వాటితో కలిపేసింది.

ఇక ఒక స్టారు ఎందుకు కోశానంటే, క్రిమి పేరు తేల్చే పరీక్షకు డబ్బు విడిగా కట్టాలని ముందు చెప్పలేదు. రిపోర్టు వాట్సాప్‌లో పడేశారు, ఫోన్ లేదు. అన్నిటికన్నా, ఆయాసంతో వచ్చేవాళ్ల ల్యాబు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. రెండుసార్లు నాయన మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. రెండోసారి ఆ కుర్రాడే డబ్బా పట్టుకుని కిందికి దిగొచ్చాడు.