ఘాటు కూరకి రెడ్ వైనా, వైట్ వైనా: ఏది మేలు?

"మటన్ బిర్యానీకి ఏ రెడ్ బాగుంటుందండీ?" హైదరాబాద్‌లో నేను పనిచేసే రెస్టారెంట్‌లో ఈ ప్రశ్న వినని రోజు లేదు. ఏ వైన్ అని అడగరు, ఏ రెడ్ అని అడుగుతారు. మటన్‌కి రెడ్, చేపకి వైట్ అని ఎక్కడో విని ఉంటారు. యూరప్ వంటలకి ఆ మాట చాలావరకు సరిపోతుంది కూడా, కానీ అక్కడి మటన్‌లో గుంటూరు మిరపకాయ ఉండదు కదా. చాలా ఏళ్లుగా సొమెలియర్‌గా, అంటే భోజనానికి తగిన వైన్ చెప్పి, దాన్ని సరైన చల్లదనంలో పోసి ఇచ్చే పనిలో ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కారం, పులుపు ఉన్న మన వంటల్లో చాలావాటికి రెడ్ కంటే కాస్త తీపి తగిలే చల్లటి వైట్ మేలు, వేపుళ్లకైతే నురగ వచ్చే స్పార్క్లింగ్ ఇంకా మేలు. రెడ్ గెలిచే చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ మొహమాటం లేకుండా రెడ్డే చెబుతాను.

రెడ్ వైన్‌ని ద్రాక్ష తొక్కలు, గింజలతో సహా పులియబెడతారు, దానికి టానిన్ అలా వస్తుంది. టానిన్ అంటే కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు, మనకి ఇంట్లో వాడే మాటే ఉంది, వగరు. నేరేడు పళ్లు తిన్నాక, వక్క నమిలాక నాలుక పట్టేసినట్టు అవుతుంది చూడండి, అదే. కారానికి మండుతున్న నాలుక మీద ఆ వగరు పడితే గరుగ్గా, చేదుగా తగులుతుంది. దానికి తోడు ఆల్కహాల్ ఒకటి. మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాల్ని రెచ్చగొడుతుంది, ఆల్కహాల్ అవే నరాల్ని ఇంకా సున్నితం చేస్తుంది, అందుకే ఆల్కహాల్ 14.5 శాతం ఉన్న షిరాజ్ అనే రెడ్ ఒక గుక్క తాగితే మంట తగ్గకపోగా పెరుగుతుంది. జర్మనీలో మోజెల్ నది లోయలో చేసే రీస్లింగ్ అనే వైట్ చూడండి, కాబినెట్ అని రాసి ఉన్న తీపి రకంలో ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గరే ఉంటుంది, వగరు దాదాపు ఉండదు, కొంచెం తీపి ఉంటుంది, దానికి సరిపడా పులుపూ ఉంటుంది. సీసా మీద ట్రోకెన్ అని ఉంటే మాత్రం అది తీపి లేని రకం, కారం కూరకి అది వద్దు.

పరీక్షలకి చదివినప్పుడు ఇదంతా నాకు రెండు లైన్ల సంగతే, తలకెక్కింది మాత్రం గోంగూర మటన్ దగ్గర. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుటుంబం పెళ్లిరోజుకి వచ్చి మంచి ఖరీదైన కాబెర్నే సావిన్యోన్ అనే వగరెక్కువ రెడ్ తెప్పించుకున్నారు, నేనూ సరే అని తెచ్చి తీశాను, ముందు పోసిన చుక్క రుచి చూసి బాగుందన్నారు. పావుగంటకి గోంగూర మటన్ వచ్చింది, ఆ తర్వాత పెద్దాయన నన్ను పిలిచి, "బాబూ, ఈ వైన్ పాడైనట్టుంది, చేదుగా ఉంది" అన్నారు. రుచి చూశాను, వైన్‌కి ఏమీ కాలేదు. గోంగూర పులుపు దాని పండు రుచినంతా మింగేసి వగరు ఒక్కటే మిగిల్చింది. నాశిక్‌లో చేసే చెనిన్ బ్లాంక్ అనే వైట్, కాస్త తీపిది, చిన్న గ్లాసులో పోసి ఇచ్చాను, ఆయన ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి ఏమీ మాట్లాడకుండా గ్లాసు భార్య వైపు జరిపారు. ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు, అది ఇప్పటికీ బాధే.

కూర ఎంత పుల్లగా ఉంటే వైన్ కనీసం అంత పుల్లగా ఉండాలి, లేకపోతే వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది. ఈ లెక్కన గోంగూర మటన్‌కి రెండు పేర్లు నిలుస్తాయి. సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్‌కి పులుపూ, ఆకుపచ్చటి వాసనా రెండూ ఉన్నాయి, గోంగూరకి చుట్టంలా కలుస్తుంది. కానీ తీపి ఉండదు, కాబట్టి కారం తక్కువ వేసి చేసిన గోంగూరకే అది, ఎండుమిరపకాయలు దండిగా పడితే మళ్లీ రీస్లింగే.

బిర్యానీ దగ్గర నాతో గొడవపడేవాళ్లు ఎక్కువ. దమ్ బిర్యానీలో కారం కంటే వాసన పెద్దది: షాజీరా, పుదీనా, కుంకుమపువ్వు, వేయించిన ఉల్లిపాయ తీపి. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో చేసే గెవుర్జ్‌ట్రామినర్ అనే వైట్‌కి గులాబీ, లిచీ వాసన వస్తుంది, చాలామంది దానితో కలపమంటారు, నాకు మాత్రం రెండు అత్తర్లు ఒకేసారి పూసుకున్నట్టు అనిపిస్తుంది. బిర్యానీకి నా ఓటు తీపి లేని రోజే, అంటే గులాబీ రంగు వైన్‌కి, చల్లగా. రెడ్డే కావాలి అని పట్టుబడితే పిన్నో న్వార్ లాంటి పలుచటి రెడ్ ఇస్తాను, వగరు తక్కువ. అయితే మిర్చీ కా సాలన్ కలుపుకుని తినేవాళ్లకి పిన్నో న్వార్ కూడా చెప్పను, అందులో మిరపకాయే అసలు కూర.

రెడ్ నిజంగా గెలిచేది పత్తర్ కా గోష్త్ దగ్గర. వేడి బండ మీద కాలిన మాంసం, మిరియాలు, పొగ, కొవ్వు, పులుపు దాదాపు లేదు. ఇక్కడ వగరే మేలు చేస్తుంది, మాంసంలోని ప్రోటీన్, కొవ్వు దాన్ని మెత్తబరుస్తాయి, షిరాజ్ మిరియాల ఘాటు మాంసానికి పట్టిన మిరియాలతో కలిసిపోతుంది. వైట్ పక్కన పెడితే వెలవెలబోతుంది. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో పండే సాంజొవేసే ద్రాక్ష రెడ్ కూడా దీనికి బాగానే నిలబడుతుంది.

ఒక మాట, రెడ్‌ని మామూలు గది వేడిలో తాగాలి అన్నది చలిదేశాల మాట, అక్కడి పాత ఇళ్లలో గది అంటే 16, 18 డిగ్రీలు. మన మే నెల గదిలో 35 ఉంటుంది, ఆ వేడిలో ఏ రెడ్ అయినా ఆల్కహాల్ వాసనే కొడుతుంది. పదిహేను నిమిషాలు ఐసు నీళ్లలో పెట్టండి. రెడ్‌ని ఐసులో పెడతారా అని నన్ను అడిగేవాళ్లకి రెండు గ్లాసులూ పోసి చూపిస్తాను, మళ్లీ అడగరు.

నా రోజు మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. పొద్దున తినేది పెరుగన్నం, ఊరగాయ లేకుండా, సర్వీసు అయ్యేదాకా సెంటు పూసుకోను, కాఫీ ముట్టను. నాలుక, ముక్కు రెండే నా పనిముట్లు. ముందు సీసాల గది వేడి చూసుకుని, నిన్న తెరిచి మిగిలినవన్నీ ఒక్కో గుక్క రుచి చూసి ఉమ్మేస్తాను, నిలవైనవి వంటింటికి పోతాయి. కొన్ని కార్క్ సీసాలు తీయగానే తడిసిన గోనెసంచి వాసన వస్తాయి, కార్క్‌లో పుట్టే ఒక రసాయనం వల్ల, అలాంటిది టేబుల్ దాకా వెళ్లకూడదు. తర్వాత ఆవిరి పట్టి గ్లాసులు తుడవడం, సాయంత్రం ఐదింటికి చెఫ్ ఆ రోజు కూరలు ఒక్కో చెంచా పెడితే రుచి చూసి ఏది ఎంత కారంగా ఉందో రాసుకోవడం. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఒకే గోంగూర మటన్ శనివారం ఒకలా, సోమవారం ఒకలా ఉంటుంది.

వేపుళ్ల సంగతి తేలిక. రొయ్యల వేపుడు, చేప వేపుడు, మిరపకాయ బజ్జీ, దేనికైనా స్పార్క్లింగే. బుడగలు నూనెని నాలుక మీంచి ఎత్తేస్తాయి. దీనికి ఫ్రాన్స్ దాకా వెళ్లక్కర్లేదు, నాశిక్‌లోనే సీసాలో రెండోసారి పులియబెట్టే పద్ధతిలో బాగా చేస్తున్నారు. విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకం ఎక్కువ, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరులో అమలైన ఒప్పందం వల్ల అక్కడి వాటికి కొంత తగ్గింది, అయినా గ్లాసు ధర దగ్గరికి వచ్చేసరికి తేడా తెలుస్తుంది. కాబట్టి చెనిన్, స్పార్క్లింగ్‌లకి నాశిక్, రీస్లింగ్‌కి మాత్రం జర్మనీ, డబ్బు పెట్టాల్సిన చోటు అదొక్కటే అని నా లెక్క.

తీపి వంటల్లో ఖుబానీ కా మీఠాకి పండుని తీగ మీదే బాగా మాగనిచ్చి ఆలస్యంగా కోసి చేసే లేట్ హార్వెస్ట్ చెనిన్ కంటే మంచి జోడీ నాకు దొరకలేదు. స్వీటు కంటే వైన్ తీపిగా ఉండాలి, తక్కువైతే పుల్లగా తోస్తుంది. ఆవకాయకి మాత్రం దేన్నీ కలపకండి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిసిన ఆ ముద్ద ముందు ఏ సీసా అయినా వృథా.

నాకింకా తేలనిది చేపల పులుసు. చింతపండు పులుపుకి రీస్లింగ్ సరిపోతుంది గానీ మెంతుల చేదు దగ్గర తడబడుతుంది, తీపి చెనిన్ మెంతుల్ని ఓర్చుకుంటుంది గానీ చింతపండుకి ఓడిపోతుంది. పైగా పులుసు చేసిన రోజు కంటే మర్నాడు ఇంకా బాగుంటుంది, చింతపండు కాస్త సద్దుమణిగి ముక్కలోకి ఇంకుతుంది. రాత్రి చెఫ్‌ని అడిగి ఒక గిన్నె పక్కన పెట్టించాను, రేపు నాలుగింటికి రెండు సీసాలూ తీసి దాంతో మళ్లీ చూస్తాను.