టేకు కొనాలంటే: దుంగా, కోసిన సైజా?
బెంగళూరులో ఇల్లు కట్టే మనవాళ్లు గుమ్మాల టేకు కోసం మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఔట్‌కి వెళ్తే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

కోసిన కలప లెక్క తేలిక. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుంది. 5×3 అంగుళాల, 7 అడుగుల చెక్క 0.73 సీఎఫ్‌టీ.

దుంగ దగ్గరే ఉంది తిరకాసంతా. దుంగలకు వాడే హాపస్ కొలతలో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వర్గం చేసి, పొడవుతో గుణిస్తారు. 4 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉంటే 10 సీఎఫ్‌టీ. నిజానికి అందులో ఉన్నది 12.7. భలే లాభం అనిపిస్తుంది కదా! కానీ కోతలో పోయేది, చేవలేని తెల్లచెక్క, పగుళ్లు అన్నీ మన ఖాతాలోనే. దుంగ ధర సీఎఫ్‌టీకి 3,000 రూపాయలు అనుకుందాం. 10 సీఎఫ్‌టీకి డబ్బు కట్టాక పనికొచ్చే చెక్క 6 సీఎఫ్‌టీయే తేలితే, అసలు ధర సీఎఫ్‌టీకి 5,000 పడినట్టు. మిల్లు కూలి వేరే.

ఒక్క ఇంటికైతే నా ఓటు కోసిన సైజుకే, అదీ బాగా ఆరినదైతేనే. దుంగే కావాలంటే చెక్క తెలిసిన వడ్రంగి మేస్త్రిని వెంట తీసుకెళ్లండి. రేటు ఘనమీటరుకి చెప్తే 35.3తో భాగించి సీఎఫ్‌టీ రేటు చూసుకోండి.