ముప్పై రెండు వేల రోడ్ బైక్: విశాఖ తీరంలో నాలుగేళ్ల తరువాత

2021 ఆగస్టులో నేను కొన్న మొదటి రోడ్ బైక్ (తారు రోడ్డు మీద వేగంగా తొక్కడానికి చేసిన, కిందికి వంగిన హ్యాండిల్, సన్నని టైర్లు ఉండే సైకిల్) ధర రూ. 32,000. ఇంజను లేని బండికి ఇంత ధర ఏమిటని మా నాన్నగారు అప్పుడు అడిగారు. నాలుగేళ్లలో దానిమీద సుమారు 11,000 కిలోమీటర్లు తొక్కాను. అందులో ఎక్కువ భాగం ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లి వచ్చే దారిలోనే. అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్టీలు ఫోర్కు, ముందు రెండు వెనుక ఏడు గేర్ల షిమానో కంపెనీ టూర్నీ సెట్టు, రిమ్మును పట్టే బ్రేకులు: అప్పట్లో ఈ ధరలో దొరికిన సైకిళ్లలో చాలావాటి అమరిక ఇదే కాబట్టి సైకిల్ కంపెనీ పేరు అవసరం లేదనుకుంటున్నాను.

కొనేటప్పుడు నేను చేసిన తెలివైన పని సైజు విషయంలో రాజీ పడకపోవడం. నా ఎత్తు 172 సెంటీమీటర్లు. దుకాణంలో 56 సెంటీమీటర్ల ఫ్రేము సైజు మాత్రమే ఉంది. సీటు దించుకుంటే సరిపోతుందని వారు నచ్చజెప్పబోయారు. సీటు దించితే కాళ్లకు అందుతుందేమో గాని, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం ఫ్రేములోనే ఉంటుంది కాబట్టి చేతులు చాచి, మెడ నిక్కించి తొక్కవలసి వస్తుంది. ఆరు వారాలు ఆగి 54 తెప్పించుకున్నాను. అయినా మొదటి నెలంతా అరచేతులు తిమ్మిరెక్కేవి. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ 100 మిల్లీమీటర్లది తీయించి 80ది వేయించాక ఆ బాధ పోయింది. దానికైన ఖర్చు కొన్ని వందలే. సీటు ఎత్తుకు నేను పాటించిన లెక్క సులభం: పెడల్ అడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ ఆనిస్తే మోకాలు తిన్నగా రావాలి.

గేర్లు ఎన్ని అని అందరూ అడుగుతారు. అడగవలసింది పళ్లు ఎన్ని అని. నా సైకిల్‌కు ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనుక 14 నుంచి 28 పళ్ల ఫ్రీవీల్ (వెనుక చక్రానికి బిగించే పళ్ల చక్రాల గుత్తి) ఉండేవి. అన్నింటికంటే బరువైన గేరులో నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకు 40 కిలోమీటర్ల వేగం వస్తుంది. కొత్తవారికి అంతకు మించి అవసరం రాదు. ఇబ్బంది రెండో చివరన, అంటే అన్నింటికంటే తేలికైన గేరులో ఉంది. 34కు 28 అంటే ఒకసారి తొక్కితే చక్రం 1.2 చుట్లు తిరుగుతుంది. కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద నా మోకాళ్లకు ఆ తేలిక చాలలేదు. అందుకని మొదటి సంవత్సరమంతా సగం దారి నుంచి దిగి నడిపించుకుంటూ వెళ్లాను.

అసలు లోపం రెండో ఏట వానాకాలంలో బయటపడింది. వెనుక చక్రం ఊగుతోందని విప్పించి చూస్తే ఇరుసు వంగిపోయి ఉంది. గుంతలో దింపి ఉంటారని అమ్మిన దుకాణం వారు చేతులు దులుపుకున్నారు. ఫ్రీవీల్‌ను మర తిప్పినట్టు తిప్పి బిగించే హబ్బులో (చక్రం నడిమి భాగంలో) కుడివైపు బేరింగు ఫ్రేము నుంచి చాలా లోపలగా ఉంటుంది. మిగిలిన ఇరుసు ఊతం లేకుండా వేలాడుతూ బరువంతా మోస్తుంది. క్యాసెట్ అనే మరో రకం పళ్ల గుత్తిని పట్టే ఫ్రీహబ్బులో ఆ బేరింగు ఇరుసు కొసకు దగ్గరగా ఉంటుంది కనుక ఇరుసు తేలికగా వంగదు. నేను వెనుక చక్రం మొత్తం మార్పించి, ఖాళీని నింపే 4.5 మిల్లీమీటర్ల స్పేసరుతో ఏడు గేర్ల క్యాసెట్ వేయించుకున్నాను. ఇప్పుడు కొనేవారు మరికొంత సొమ్ము పెట్టగలిగితే వెనుక ఎనిమిది గేర్ల షిమానో క్లారిస్ సెట్టు ఉన్న సైకిల్ తీసుకోవడం నయం. ఫ్రీహబ్బుతో పాటు, హ్యాండిల్ కింది వంపు పట్టుకున్నప్పుడు కూడా గేరు మార్చుకునే వీలు అందులో ఉంటుంది. నా టూర్నీలో బొటనవేలి మీట అక్కడినుంచి అందదు.

ఆ వంపు విలువ భీమిలి దారిలో తెలుస్తుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ నైరుతి గాలి ఎక్కువ. వెళ్లేటప్పుడు అది వెనుకనుంచి తోస్తుంటే సైకిల్ మహా గొప్పదని మొదట్లో మురిసిపోయాను. తిరుగు ప్రయాణంలో ఆ భ్రమ తొలగేది; ఎదురుగాలికి ఒంగి ఆ వంపు పట్టుకుని తొక్కక తప్పేది కాదు.

25 మిల్లీమీటర్ల టైర్లు తీసి 28వి వేయించి, గాలి 100 నుంచి 80 పీఎస్ఐకి తగ్గించాక ఒళ్లు నొప్పులు తగ్గాయి. పెట్రోలు బంకు గొట్టం సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టదు కాబట్టి, ఇత్తడి అడాప్టరు ఒకటి సంచిలో ఉండాలి. పంపు, హెల్మెట్, లైట్లు, పంక్చర్ సామాను కలిపి నాకు రూ. 6,000 దాటింది. ఆ సొమ్ము పక్కన పెట్టుకున్న తరువాతే సైకిల్ ధర చూడాలి.

ఉప్పుగాలి మాత్రం దేన్నీ వదలలేదు. గేరు తీగలు రెండుసార్లు తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో స్టెయిన్‌లెస్ తీగలు వేయించాను. చైనును పన్నెండు అంగుళాలకు కొలిచి, అంగుళంలో పదహారో వంతు సాగగానే మారుస్తున్నాను. ఫ్రేముకు ఏమీ కాలేదు. స్టీలు ఫోర్కు లోపలి గొట్టంలో ఎంత తుప్పు చేరిందో ఈ వేసవిలో విప్పించి చూడాలి.