యేల్ వాళ్ల ఉచిత బైబిల్ పాఠాలు, పక్కన మన తెలుగు బైబిల్

అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టిన రెండు కోర్సుల గురించి రాస్తున్నాను. ఒకటి పాత నిబంధన, చెప్పింది క్రిస్టీన్ హేస్, 2006లో క్లాసులోనే రికార్డు చేసిన 24 లెక్చర్లు. రెండోది కొత్త నిబంధన, డేల్ మార్టిన్ చెప్పారు, 2009లో రికార్డు చేసిన 26 లెక్చర్లు. సైట్ పేరు ఓపెన్ యేల్ కోర్సెస్. ఫీజు లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇవ్వరు. వీడియో, ఆడియో, ప్రతి మాటా రాసి పెట్టిన ట్రాన్స్‌క్రిప్ట్, మూడూ ఉంటాయి. పాత నిబంధన మొత్తం వినడానికి నాకు ఏడు నెలలు పట్టింది, కొత్త నిబంధన సగం దాటాను. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

ముందు నేనెందుకు విన్నానో చెప్పాలి. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. రాత్రి భోజనానికి ముందు వాక్యం చదవకుండా మా ఇంట్లో ఒక్కరోజూ గడవలేదు. సండే స్కూల్లో పదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. నోవహు కథ చెబుతుంటే ఆరో తరగతి పిల్ల ఒకతి లేచి "ఓడలోకి ఒక్కో జాతివి రెండే ఎక్కాయా, ఏడేసా టీచర్? ఈ పేజీలో ఒకలా ఉంది, పక్క పేజీలో ఇంకోలా ఉంది" అంది. ఏదో చెప్పి కూర్చోబెట్టాను. ఇంటికొచ్చాక చాలా బాధేసింది, ఎందుకంటే ఆ పిల్ల నాకంటే జాగ్రత్తగా చదివింది. తర్వాత డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ బైబిల్ కోర్సులో చేరాను (పేరు వద్దులెండి), ఇదే ప్రశ్న అడిగితే "ఇలాంటి ప్రశ్నలు విశ్వాసాన్ని బలహీనపరుస్తాయి" అని జవాబొచ్చింది. అక్కడితో అది మానేశాను. కొన్నాళ్లకు హేస్ గారి నాలుగో లెక్చర్ దొరికింది. అందులో ఉన్నది సరిగ్గా ఆ పిల్ల అడిగిన ప్రశ్నే.

ఆమె చేసేది చాలా మామూలు పని. జలప్రళయం కథను వాక్యం వాక్యంగా ముందు పెట్టుకుని, రెండుసార్లు చెప్పినవి ఏవి, ఒకదానితో ఒకటి పొసగనివి ఏవి అని చూపిస్తారు. ఆరో అధ్యాయంలో ప్రతి జాతిలోనూ రెండేసి అని ఉంటుంది, ఏడో అధ్యాయం మొదట్లో పవిత్ర జంతువులు ఏడేసి అని ఉంటుంది. వాన నలభై రోజులు అంటారు, కొన్ని వచనాల తర్వాత నీళ్లు నూట యాభై రోజులు ప్రబలాయి అంటారు. ఒకచోట కాకిని వదిలారు, ఇంకోచోట పావురాన్ని. దీన్నిబట్టి పండితులు ఏమంటారంటే, ఇక్కడ రెండు కథనాలు ఉన్నాయి, ఎవరో ఒక సంపాదకుడు రెండిట్లో దేన్నీ పారేయడానికి మనసొప్పక, జడ అల్లినట్టు పాయ మీద పాయ వేసి కలిపాడు అని. 1753లోనే జాన్ ఆస్త్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఆదికాండంలో దేవుణ్ణి పిలిచే పేరు మారుతుండటం గమనించి ఈ దారి తెరిచాడట. 1878లో జర్మనీలో యూలియస్ వెల్‌హౌసెన్ అనే పండితుడు దాన్ని నాలుగు మూలాల సిద్ధాంతంగా, అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు నాలుగు వేరువేరు రాతలు కలిసి ఏర్పడ్డాయనే వాదనగా, నిలబెట్టాడు.

ఇప్పుడు అసలు విషయం. ఇంగ్లీషు బైబిళ్లు చాలావాటిలో దేవుని పేరు ఉన్నచోట 'లార్డ్' అని పెద్దక్షరాల్లో వేస్తారు, అంటే ప్రభువు అని. కాబట్టి అమెరికా పిల్లలకు ఆ పెద్దక్షరాలు ఉన్నచోటల్లా హీబ్రూలో వేరే పేరుందని టీచరు చెప్పాలి. మనకు ఆ అవసరమే లేదు! మన పాత తెలుగు బైబిల్లో యెహోవా అని ఉన్నది ఉన్నట్టే రాశారు. మొదటి అధ్యాయం తెరవండి, "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను", ఆ అధ్యాయమంతా దేవుడు, దేవుడు, దేవుడు. రెండో అధ్యాయం నాలుగో వచనం దగ్గరికి రాగానే "దేవుడైన యెహోవా". నలభై ఏళ్లుగా చదువుతున్నాను, నా కళ్ల ముందే ఉంది, ఒక్కరోజూ ఆగి ఇదేంటి అనుకోలేదు. ప్రళయం కథలో అయితే ఇంకా స్పష్టం. రెండేసి జంతువులు అని చెప్పినది దేవుడు, ఏడేసి అని చెప్పినది యెహోవా. ఏడో అధ్యాయం పదహారో వచనం చూడండి, ఒకే వచనంలో ఆజ్ఞాపించినది దేవుడు, ఓడ తలుపు మూసినది యెహోవా. పాయలు రెండూ ముడిపడ్డ చోటు అది. ఆ రాత్రి నేను ఎర్ర పెన్సిలూ నీలం పెన్సిలూ పట్టుకుని ఆరు నుంచి ఎనిమిది అధ్యాయాలకు గీతలు గీశాను. ఎర్రవన్నీ ఒకచోట చదివితే ఒక కథ, నీలంవన్నీ చదివితే ఇంకో కథ, దాదాపు దేనికదే నడుస్తుంది. ఒళ్లు జలదరించింది.

అలాగే నిర్గమకాండం ఆరో అధ్యాయంలో దేవుడు మోషేతో, యెహోవా అనే నా పేరు అబ్రాహాము ఇస్సాకు యాకోబులకు తెలియదు అంటాడు. ఆదికాండం నాలుగో అధ్యాయం చివర్లోనేమో, అబ్రాహాము పుట్టకముందే, జనం యెహోవా నామాన ప్రార్థన చేయడం మొదలుపెట్టారు అని ఉంది. ఈ రెండూ తెలుగులో చదివే ఎవరికైనా తేటతెల్లంగా కనిపిస్తాయి. ఇంత సౌకర్యం చేతిలో పెట్టుకుని మనం వాడుకోవట్లేదే అని నా బాధ.

హేస్ గారు విడదీసి వదిలేయరు, అది ఆమెలో నాకు బాగా నచ్చింది. బబులోను ప్రాంతపు పాత ప్రళయ కథల పక్కన దీన్ని పెట్టి, ఓడ ఉంది, పక్షులు ఉన్నాయి, చివర్లో బలి ఉంది, ఇంత దగ్గరి కథలో ఆదికాండం ఏం మార్చిందో చూడమంటారు. ఇక్కడ ప్రళయం రావడానికి కారణం నీతికి సంబంధించినది, భూలోకం బలాత్కారంతో, అంటే హింసతో, నిండిపోయింది. మనుషులు మనుషుల్ని హింసించడం దేవుడికి భరించలేని విషయం అని ఆ రచయిత చెబుతున్నాడు. ఇన్నేళ్లూ నేను పిల్లలకు ఓడ పొడవూ వెడల్పూ చెప్పానే గానీ ఈ మాట నొక్కి చెప్పలేదు.

తొమ్మిదో లెక్చర్ లేవీయకాండం మీద. చదవమంటే అందరం దాటేసే పుస్తకం. హేస్ గారు ఇక్కడ యాకోబ్ మిల్గ్రోమ్ అనే యూదు పండితుడి పని మీద ఆధారపడతారు. అపవిత్రత వేరు, పాపం వేరు, ఈ ముక్క అర్థమైతే సగం పుస్తకం తెరుచుకుంటుంది. బిడ్డను కన్నా, శవాన్ని ముట్టుకున్నా, ఒంట్లోంచి స్రావం అయినా అపవిత్రత వస్తుంది, కానీ అది తప్పు కాదు. పిల్లల్ని కనడం మంచిది, చనిపోయినవాళ్లను పాతిపెట్టడం బాధ్యత. ఆ స్థితిలో పరిశుద్ధ స్థలానికి దగ్గరగా వెళ్లకూడదు, అంతే, నీళ్లతోనూ కొన్ని రోజుల గడువుతోనూ పోతుంది. హత్య, విగ్రహారాధన లాంటివి తెచ్చే మాలిన్యం వేరు, అది స్నానంతో పోదు, దేశాన్నే పాడు చేస్తుంది, చివరికి దేశం తన మీదున్న జనాన్ని కక్కేస్తుంది. ఇది అమెరికా పిల్లలకు ఎంత కొత్తగా ఉంటుందో గానీ, పురిటి మైల, చావు మైల, ముట్టు అనే మాటల మధ్య పెరిగిన మనకు వెంటనే తడుతుంది. రెండూ ఒకటే అని నేను అనడం లేదు. కానీ మైల అంటే నేరం కాదు అని మన పెద్దవాళ్లకు తెలుసు, అదే సమయంలో ఆ పేరుతో ఆడవాళ్లను ఎంత చిన్నబుచ్చారో కూడా మనకు తెలుసు. ఈ లెక్చర్ వింటూ మా అమ్మమ్మ గుర్తొచ్చింది, క్రైస్తవురాలైనా పురిటింటికి వెళ్లొస్తే స్నానం చేసిగానీ బైబిల్ ముట్టేది కాదు. అది మన ఊరి అలవాటా, లేవీయకాండమా అని ఆమెను అడగాల్సింది.

డేల్ మార్టిన్ గారి తీరు వేరు. టెక్సాస్ యాస, గట్టిగా, హుషారుగా చెబుతారు. ఆయన 2023లో పోయారు. ఐదో లెక్చర్ ఒక్కటి విన్నా చాలు. పౌలు మారుమనస్సు పొందాక ఎక్కడికి వెళ్లాడు? అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం ప్రకారం దమస్కు నుంచి గంపలో దిగి తప్పించుకుని యెరూషలేముకు వచ్చాడు, బర్నబా ఆయన్ని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. గలతీయులకు రాసిన పత్రికలో పౌలే స్వయంగా, నేను వెంటనే యెరూషలేము వెళ్లలేదు, అరేబియాకు వెళ్లి మళ్లీ దమస్కుకు వచ్చాను, మూడేళ్ల తర్వాత వెళ్లి కేఫా (అంటే పేతురు) దగ్గర పదిహేను రోజులున్నాను, ప్రభువు సోదరుడైన యాకోబును తప్ప ఇంకే అపొస్తలుణ్ణీ చూడలేదు అంటాడు. అంతటితో ఆగక, దేవుని యెదుట అబద్ధమాడటం లేదు అని ఒట్టు కూడా పెట్టుకుంటాడు. మార్టిన్ గారు ఈ రెండిటినీ బలవంతంగా కలిపేయొద్దంటారు. రెండిటినీ వేరువేరుగా నిలబెట్టి, ఎవరు ఎప్పుడు రాశారు, ఎందుకు అలా చెప్పాల్సొచ్చింది అని అడగాలి. పౌలుకు తన సువార్త మనుషుల దగ్గర నేర్చుకున్నది కాదని రుజువు చేసుకోవాలి, కార్యములు రాసినాయనకు సంఘం యెరూషలేము నుంచి ఒక్కటిగా పెరిగిందని చూపించాలి. అలా చదివితే ఇద్దరూ మనుషులుగా కనిపిస్తారు, పౌలు కోపం కూడా వినిపిస్తుంది.

ఇక అర మార్కు సంగతి. రికార్డింగులు పాతవి. మోషే పంచకాండాల (అంటే ఆ మొదటి ఐదు పుస్తకాల) మూలాల గురించి హేస్ గారు చెప్పినది బాగా స్థిరపడిన లెక్కలా అనిపిస్తుంది, కానీ నాలుగు మూలాల సిద్ధాంతాన్ని ఇప్పుడు చాలామంది పండితులు, ముఖ్యంగా యూరప్‌లో, అదే రూపంలో ఒప్పుకోవడం లేదు. రెండో లెక్చర్లో యూదు పండితుడు యెహెజ్కేల్ కౌఫ్‌మన్ వాదన ఆధారంగా బహుదేవతారాధనకూ ఇశ్రాయేలు మతానికీ గీసిన గీత నాకు మరీ నిటారుగా అనిపించింది. ఎదురింట్లో వినాయక చవితి, పక్కింట్లో పీర్ల పండుగ చూస్తూ పెరిగిన మనిషికి, చాలామంది దేవుళ్లను కొలిచేవాళ్లు ఇలా ఆలోచిస్తారు అని రెండు వాక్యాల్లో తేల్చేస్తే సరిపోదు. బైబిల్లోని అన్ని భాగాలూ కౌఫ్‌మన్ చెప్పినట్టు ఉండవని ఆవిడే అంటారు, ఆ మాట వదిలేయకుండా వినండి. విద్యార్థులు చిన్న గుంపులుగా చేసే చర్చలు రికార్డులో లేవు, కాబట్టి మనకు డౌట్ వస్తే అడగడానికి ఎవరూ ఉండరు.

ఇంగ్లీషు గురించి భయపడేవాళ్లకు: హేస్ గారు వేగంగా మాట్లాడతారు. నేను ముందు ట్రాన్స్‌క్రిప్ట్ చదివి తర్వాత ఆడియో వినేదాన్ని, వేగం కాస్త తగ్గించి. ఒక్కో లెక్చర్ ముప్పావు గంట పైన ఉంటుంది. ఇంకోటి, ఆ కోర్సులో వాడేది యూదుల అనువాదం, అధ్యాయాల లెక్క కొన్నిచోట్ల తేడా వస్తుంది. యోవేలు మనకు మూడు అధ్యాయాలు, వాళ్లకు నాలుగు. మలాకీ మనకు నాలుగు, వాళ్లకు మూడు. పుస్తకాల వరుస కూడా వేరు, మన పాత నిబంధన మలాకీతో ముగిస్తే వాళ్లది దినవృత్తాంతాలతో ముగుస్తుంది. మొదట్లో నేను తప్పు పేజీలు తిరగేస్తూ టెన్షన్ పడ్డాను.

విశ్వాసం పోతుందా అని మా చర్చిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నాకు పోలేదు. కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు, అది నిజం. వాక్యం అక్షరం అక్షరం పైనుంచి ఒకేసారి దిగిందని నమ్మేవాళ్లకు ఈ పాఠాలు కష్టంగా ఉంటాయి, వాళ్లకు ముందే చెప్పడం మంచిది. హేస్ గారు మొదటి లెక్చర్లోనే ఇది ఒక పుస్తకం కాదు, ఒక గ్రంథాలయం అని, ఇందులోవాళ్లు మచ్చలేని పుణ్యాత్ములు కారని చెప్పేస్తారు. నాకు మాత్రం యాకోబు మోసం, దావీదు పాపం దాచకుండా రాసి పెట్టినవాళ్ల మీద గౌరవం పెరిగింది.

మొదలుపెట్టాలనుకుంటే వరుసగా వెళ్లకండి. నాలుగో లెక్చర్ ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచి, మన తెలుగు బైబిల్లో ఆదికాండం ఆరో అధ్యాయం తీసి, రెండు రంగుల పెన్సిళ్లు పక్కన పెట్టుకోండి. ఈ పాఠాల లైసెన్సు ప్రకారం పేరు చెప్పి, అమ్ముకోకుండా, అదే లైసెన్సు కింద అనువాదం చేసుకోవచ్చు. నాలుగో లెక్చర్ సగం వరకు నేను తెలుగులో రాశాను, మిగతా సగానికి ఎవరైనా చేయి వేస్తే సంతోషం. ఆ ఆరో తరగతి పిల్ల ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది, మొదటి కాపీ తనకే ఇస్తానని చెప్పాను.